మంగళగిరి చీరల సైట్‌కి జనం వస్తున్నారు, కొనకుండా వెళ్లిపోతున్నారు. డేటాలో ఎక్కడ చూడాలి?

మగ్గం_మంగళగిరి అడుగుతున్నారు:

అందరికీ నమస్తే. మాది మంగళగిరి. మా ఇంట్లో మగ్గాలు ఉన్నాయి, చుట్టుపక్కల ఇంకొన్ని నేత కుటుంబాల దగ్గర కూడా సరుకు తీసుకుని కాటన్ చీరలు, డ్రెస్ మెటీరియల్, కొద్దిగా పట్టు అమ్ముతాం. ఇదివరకు అంతా షాపులకి హోల్‌సేల్‌గానే వేసేవాళ్లం. ఇప్పుడు సొంత వెబ్‌సైట్ ఉంది, వూకామర్స్ అనే ఆన్‌లైన్ షాపు సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ఇన్‌స్టాలో రీల్స్ పెడతాం, కొంచెం యాడ్స్ ఇస్తాం, వాట్సాప్ గ్రూపుల్లో లింకులు పంపుతాం.

నెలకి దాదాపు పది వేల విజిట్లు వస్తున్నాయని గూగుల్ అనలిటిక్స్‌లో కనిపిస్తోంది. ఆర్డర్లు మాత్రం తొంభై దగ్గరే ఆగిపోతున్నాయి. యాడ్స్‌కి డబ్బులు పెంచితే వచ్చే జనం పెరుగుతున్నారు గానీ ఆర్డర్లు ఆ మేరకి పెరగట్లేదు. ఒక ఏజెన్సీని అడిగితే డిజైన్ పాతబడింది, సైట్ మొత్తం కొత్తగా కట్టాలి అన్నారు. వాళ్లు చెప్పిన రేటు మేం పెట్టగలిగింది కాదు, పైగా డిజైన్ మారిస్తే అమ్మకాలు పెరుగుతాయని ఏ ఆధారంతో అంటున్నారో అడిగితే సరైన జవాబు రాలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. డబ్బు పెట్టే ముందు, మా దగ్గర ఇప్పటికే ఉన్న డేటా చూసి అసలు లోపం ఎక్కడుందో పట్టుకోవచ్చా? ఏ రిపోర్టు చూడాలి, ఏది వదిలేయాలి?

ఇంకోటి, జీఏ4లో (అదే గూగుల్ అనలిటిక్స్‌లో) పర్చేజ్‌లు అరవై చిల్లర చూపిస్తోంది, మా ఆర్డర్ల లిస్టులో తొంభై ఉన్నాయి. రెండింటిలో దేన్ని నమ్మాలి?

హైదరాబాద్_అనలిస్ట్:

మీరు చివర్లో అడిగినదాన్నే ముందు తేల్చాలండి. అది సరిచేయకుండా మిగతా ఏ రిపోర్టు చూసినా తప్పు దారి పట్టిస్తుంది.

ఆర్డర్ల లిస్టునే నమ్మండి. తేడా ఎందుకొస్తుందంటే, మన దగ్గర ఎక్కువమంది యూపీఐతో కడతారు. కస్టమర్ పే బటన్ నొక్కగానే ఫోన్‌పేకో గూగుల్ పేకో వెళ్తారు, పిన్ కొడతారు, డబ్బు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వస్తుంది, ఇక వాళ్ల లెక్కలో పని అయిపోయినట్టే. చాలామంది తిరిగి బ్రౌజర్‌కి రారు, ఫోన్ పక్కన పడేస్తారు. మీ థాంక్యూ పేజీ తెరుచుకోదు. అమ్మకం జరిగిందని చెప్పే పర్చేజ్ ఈవెంట్ మామూలుగా ఆ పేజీలోనే ఉంటుంది కాబట్టి జీఏ4కి ఆ అమ్మకం సంగతి తెలియదు. వూకామర్స్‌కి మాత్రం పేమెంట్ గేట్‌వే నుంచి వెబ్‌హుక్ ద్వారా నేరుగా కబురు వస్తుంది, అందుకని ఆర్డర్ లిస్టులో కనిపిస్తుంది.

ఇందులో అసలు ప్రమాదం వేరే ఉంది. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టినవాళ్లు వేరే యాప్‌కి వెళ్లరు, నేరుగా థాంక్యూ పేజీకి వస్తారు, కాబట్టి సీఓడీ ఆర్డర్లు దాదాపు అన్నీ లెక్కలో పడతాయి. ముందే డబ్బు కట్టిన ఆర్డర్లలో మాత్రం చాలా జారిపోతాయి. అంటే ఏ యాడ్ సీఓడీ వాళ్లని తెస్తుందో అదే బాగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, డబ్బు కట్టి కొనేవాళ్లని తెచ్చే యాడ్ దండగలా కనిపిస్తుంది. మీరు ఆ రిపోర్టు చూసి రెండో యాడ్ ఆపేస్తే మంచి కస్టమర్లని మీ చేత్తో మీరే ఆపేసినట్టు. పేమెంట్ ఓకే అయ్యాక సర్వర్ నుంచే జీఏ4కి పర్చేజ్ పంపే ఏర్పాటు చేయించండి, దాన్ని మెజర్‌మెంట్ ప్రోటోకాల్ అంటారు, వూకామర్స్‌కి దీనికోసం ప్లగిన్లు ఉన్నాయి. ప్రతి ఆర్డర్‌కీ ట్రాన్సాక్షన్ ఐడీ పోయేలా చూడండి. అది ఉంటే ఒకే ఆర్డర్ రెండుసార్లు వచ్చినా జీఏ4 ఒకటిగానే లెక్కేస్తుంది.

అలాగే ట్రాఫిక్ ఎక్కడి నుంచి వచ్చింది అనే రిపోర్టులో మీ పేమెంట్ గేట్‌వే పేరు కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే, కొన్నవాళ్లంతా గేట్‌వే సైట్ నుంచి వచ్చినట్టు నమోదవుతోందన్నమాట. డేటా స్ట్రీమ్ సెట్టింగుల్లో అన్‌వాంటెడ్ రెఫరల్స్ అని ఉంటుంది, అక్కడ గేట్‌వే డొమైన్ చేర్చండి. వాట్సాప్‌లో పంపే లింకులకి, ఇన్‌స్టా బయోలో పెట్టే లింకుకి యూటీఎం ట్యాగులు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే లింకు తోక) తగిలించండి, లేకపోతే వాటిలో చాలా భాగం ఎక్కడి నుంచి వచ్చారో తెలియని డైరెక్ట్ అనే గంపలో పడిపోతాయి, మీ గ్రూపులు అమ్ముతున్నాయో లేదో ఎప్పటికీ తెలియదు. ఇంకా ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది: అడ్మిన్‌లో డేటా రిటెన్షన్, అంటే డేటాని దాచి ఉంచే గడువు, 2 నెలలకి ఉంటుంది, దాన్ని 14 నెలలు చేయండి. మార్చిన రోజు నుంచే అది పనికొస్తుంది, పోయిన డేటా తిరిగి రాదు.

ఇక లోపం ఎక్కడుందంటారా. పది వేలల్లో తొంభై, అంటే 0.9 శాతం, ఈ అంకెని కాసేపు పక్కన పెట్టండి. రీల్ చూసి సరదాగా నొక్కినవాళ్లూ, మీ పేరు గూగుల్‌లో వెతుక్కుని వచ్చినవాళ్లూ, మీ ఇంట్లోవాళ్లు స్టాక్ చూసుకోవడానికి తెరిచినవీ అన్నీ కలిపిన సగటు అది. దాన్నుంచి ఏ నిర్ణయమూ తీసుకోలేం. జీఏ4 ఎక్స్‌ప్లోర్‌లో ఫనెల్ ఎక్స్‌ప్లొరేషన్ (ఏ మెట్టు దగ్గర ఎంతమంది ఆగారో చూపే రిపోర్టు) తెరిచి మెట్లు ఇలా పెట్టండి: చీర పేజీ చూడటం, కార్ట్‌లో వేయడం, చెకౌట్ మొదలుపెట్టడం, అడ్రస్-షిప్పింగ్ నింపడం, పేమెంట్ పద్ధతి ఎంచుకోవడం, కొనడం. తర్వాత అదే ఫనెల్‌ని మొబైల్, డెస్క్‌టాప్ అని ఒకసారి, ఏ సోర్స్ నుంచి వచ్చారు అని ఇంకోసారి విడదీసి చూడండి. ఏ మెట్టు దగ్గర ఏ గుంపు ఆగిపోతోందో కనిపిస్తుంది. చీర పేజీ నుంచి కార్ట్‌కే రాకపోతే ఫొటోలు, ధర, నమ్మకం విషయంలో ఏదో ఉంది. కార్ట్ దాకా వచ్చి చెకౌట్‌లో ఆగితే షిప్పింగ్, ఫారం, పేమెంట్‌ల సంగతి చూడాలి. ఈ రెండు జబ్బులకి మందులు వేరు, సైట్ మొత్తం కొత్తగా కట్టడం రెండింటికీ మందు కాదు.

అంకెలు తీసుకుని ఇక్కడ పెట్టండి, చూద్దాం.

కృష్ణాతీరం:

బ్రో, ఇంత లోతుకి వెళ్లాల్సిన పని లేదు. ప్రతి చీర కింద "2 మాత్రమే మిగిలాయి" అని పెట్టి పక్కన పది నిమిషాల టైమర్ తిప్పు. "ఇప్పుడే హైదరాబాద్ నుంచి ఒకరు కొన్నారు" అని పాపప్ కూడా. మా ఫ్రెండ్ ఇదే చేశాడు, ఆర్డర్లు పెరిగాయి.

గోదారి_పచ్చళ్లు:

తమ్ముడూ, దయచేసి ఆ పని మాత్రం చేయకు. నేను రాజమండ్రి నుంచి పచ్చళ్లు, పొడులు పంపుతాను, ఈ పాపప్‌ల ప్లగిన్లు అమ్మేవాళ్లు నాకూ చాలామంది తగిలారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాల మోసపు పద్ధతుల్ని పేర్కొన్నారు. లేని తొందర పుట్టించడం అందులో ఒకటి, కొనేవాళ్లకి చెప్పకుండా కార్ట్‌లో ఏదో చేర్చడం ఇంకొకటి, ధరని విడతలు విడతలుగా చివర్లో బయటపెట్టడం మరొకటి. చిన్న షాపు కదా ఎవరు చూస్తారులే అనుకోవడానికి లేదు. చట్టం సంగతి అటుంచు, చేనేత కొనేవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే మనుషులు, పోయిన వారం రెండే ఉన్నాయన్న చీర ఈ వారం కూడా రెండే ఉంటే వాళ్లకి అర్థం కాదా?

నిజంగా ఒక్కటే పీస్ ఉన్న చీర అయితే ఒక్కటే ఉందని చెప్పు, అందులో తప్పు లేదు. మగ్గం మీద ఆ రంగు మళ్లీ ఎప్పుడు ఎక్కిస్తారో కూడా రాస్తే ఇంకా మంచిది. నిజం చెప్పినా తొందర కలుగుతుంది.

అనలిటిక్స్ గురించి పైనాయన బాగా చెప్పారు. నేను ఇంకొక చోటు చూపిస్తాను, నీ వాట్సాప్. చీర చూసి కొనకుండా నీకు మెసేజ్ పెట్టినవాళ్లు ఏం అడిగారో చదువు. "బ్లౌజ్ పీస్ ఉందా", "రంగు పోతుందా", "కొంగు ఫొటో పంపండి", "జరీ టెస్టెడ్ జరీనా", "మా ఊరికి ఎన్ని రోజుల్లో వస్తుంది". అడిగిన ఒక్కరి వెనక అడగకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరో ఉంటారు. నెల రోజుల చాట్లు ముందేసుకుని ఏ ప్రశ్న ఎక్కువసార్లు వచ్చిందో గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టు. ఆ జవాబులు చీర పేజీలో, ధర పక్కనే, జనం వాడే మాటల్లో ఉండాలి. ఎక్కడో కింద వివరాలు అనే మూసిన ట్యాబ్‌లో ఉంటే లేనట్టే. నా పచ్చళ్ల పేజీలో "నూనె కారుతుందా" అన్న ప్రశ్నకి ప్యాకింగ్ వీడియోతో జవాబు పెట్టాక ఆ మెసేజ్‌లు దాదాపు ఆగిపోయాయి, కొత్తవాళ్ల ఆర్డర్లూ పెరిగాయి.

యాష్‌బర్న్_తెలుగు:

పది వేల విజిట్లలో అమెరికా ఎంత ఉందో చూశారా? నేను వర్జీనియాలో ఉంటాను, ఇక్కడి విషయం ఒకటి చెప్పాలి. మా యాష్‌బర్న్ చుట్టుపక్కల డేటా సెంటర్లు విపరీతంగా ఉన్నాయి, అందుకే ప్రపంచంలో ఏ సైట్ అనలిటిక్స్ తెరిచినా బాట్ ట్రాఫిక్ (మనుషులు కాక ప్రోగ్రాములు తెరిచే విజిట్లు) ఈ ఊరి పేరుతో కనిపిస్తుంటుంది. చాలామంది నిపుణులు కళ్లు మూసుకుని ఈ ఊరిని తీసేయమంటారు. కానీ ఇక్కడ తెలుగువాళ్లు కూడా చాలామంది ఉన్నాం, చీరలు కొనేది మేమే. ఊరి పేరు చూసి కొట్టేయకండి. పేజీ మీద ఎంతసేపున్నారు, కిందికి స్క్రోల్ చేశారా, రెండో చీర తెరిచారా అనేది చూడండి. సున్నా సెకన్లలో వచ్చిపోయినవి బాట్లు, నాలుగు చీరలు తెరిచి చూసినవాళ్లు మనుషులు.

మనుషులే అయితే వాళ్లు ఎందుకు కొనట్లేదో నాకు తెలుసు. ధర రూపాయల్లో ఉంటుంది, అమెరికాకి పంపుతారో లేదో చెకౌట్ దాకా తెలియదు, అడ్రస్‌లో పిన్‌కోడ్ ఆరంకెలు ఉండాలంటుంది, మా జిప్ కోడ్ ఐదంకెలు. అక్కడే మూసేస్తాం. దానికితోడు 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్సెళ్లకి ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేశారు. ఇప్పుడు మేం చూసేది చీర ధర కాదు, అన్నీ కలిపి ఇంటికి చేరేసరికి ఎంత అవుతుందన్నది. అది చెప్పగలిగితే అమెరికా వాళ్లకి అమ్మండి. చెప్పలేకపోతే ప్రస్తుతం ఇండియాకే పంపుతున్నామని పైనే రాసి, అమెరికా విజిట్లని వేరుగా లెక్కవేయండి. లేకపోతే మేం చూసి వెళ్లిపోయిన ప్రతిసారీ మీ శాతం పడిపోతూనే ఉంటుంది.

మగ్గం_మంగళగిరి:

అందరికీ చాలా థాంక్స్. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. చెప్పినవి ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చాను, ఇప్పుడు బయటపడినవి రాస్తాను.

సర్వర్ నుంచి పర్చేజ్ పంపే ప్లగిన్ పెట్టాక జీఏ4కీ ఆర్డర్ లిస్టుకీ తేడా ఒకటి రెండు ఆర్డర్లకి తగ్గింది. తర్వాత ఫనెల్ తీశాను. చీర పేజీ నుంచి కార్ట్‌కి వచ్చేవాళ్లు తక్కువే అయినా భయపడేంత కాదు. చెకౌట్ మొదలుపెట్టినవాళ్లలో మాత్రం అయిదుగురిలో నలుగురు కొనకుండా పోతున్నారు. మొబైల్‌లో, అందులోనూ ఇన్‌స్టా నుంచి వచ్చినవాళ్లలో మరీ ఎక్కువ. గూగుల్‌లో మా పేరు వెతుక్కుని వచ్చినవాళ్లు మొబైల్ మీదే అయినా చాలా మెరుగ్గా కొంటున్నారు.

మైక్రోసాఫ్ట్ క్లారిటీ ఉచితం కదా అని అది కూడా పెట్టాను. అందులో కస్టమర్ సైట్‌లో ఎక్కడ నొక్కారో, ఎలా కిందికి వెళ్లారో రికార్డింగులు చూడొచ్చు, ఫారంలో వాళ్లు టైప్ చేసిన పేరు, ఫోన్ నంబర్ లాంటివి దాచేస్తుంది. కొన్ని కూర్చుని చూశాను. ఒకావిడ చీర ఫొటోని వేలితో మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు, పెద్దది అవుతుందేమో అని. మా థీమ్‌లో మొబైల్ జూమ్ లేదు. నాలుగైదుసార్లు నొక్కి, పక్క ఫొటోకి జరిపి, మళ్లీ వెనక్కి వచ్చి అంచు దగ్గరే నొక్కుతున్నారు. మంగళగిరి చీరలో ఒంటి మీద బుటాలు ఉండవు, ఉన్న అందమంతా నిజాం అంచులోనే ఉంటుంది. ఆ అంచునే దగ్గరగా చూపించట్లేదు మేం. క్లారిటీలో డెడ్ క్లిక్స్ (నొక్కినా ఏమీ జరగనివి) అని ఒక ఫిల్టర్ ఉంది, అది పెట్టి చూస్తే చాలా వరకు ఫొటోల మీదవే.

చెకౌట్ రికార్డింగుల్లో ఇంకోటి కనిపించింది. చివరి పేజీలో షిప్పింగ్ ఛార్జీ కలిసి మొత్తం మారగానే జనం పైకి స్క్రోల్ చేసి, వెనక్కి వెళ్లి, కార్ట్ తెరిచి, ఇంకోసారి మొత్తం చూసుకుని వెళ్లిపోతున్నారు.

సైట్‌లో సెర్చ్ బాక్స్ డేటా కూడా తీశాను. జనం చిలకపచ్చ, నేరేడు రంగు, తేనె రంగు, కనకాంబరం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతున్నారు. మేం పేర్లు పారట్ గ్రీన్, వైన్ అని పెట్టాం కాబట్టి ఏమీ దొరకలేదని వస్తోంది. చీరలు ఉన్నాయి, కనిపించట్లేదు! ఊరి పేరునే నాలుగు రకాల స్పెల్లింగులతో కొడుతున్నారు. ఇవన్నీ ట్యాగుల్లో చేరుస్తున్నాం.

ఇన్‌స్టా వాళ్లే ఎందుకు అంతగా ఆగిపోతున్నారన్నది ఇంకా అర్థం కాలేదు. షిప్పింగ్ ఛార్జీ అందరికీ ఒకటే కదా?

వరంగల్_వెబ్:

దానికి కారణం బ్రౌజర్ అయ్యుండొచ్చు. ఇన్‌స్టా లాంటి యాప్‌లో లింక్ నొక్కితే అది క్రోమ్‌లో కాదు, యాప్ లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. క్రోమ్‌లో సేవ్ చేసుకున్న అడ్రస్, కార్డు వివరాలు అక్కడ ఉండవు, అంతా చేత్తో కొట్టాలి. అక్కడి నుంచి యూపీఐ యాప్‌కి వెళ్లి తిరిగి రావడం కొన్ని ఫోన్లలో సరిగా జరగదు, నొక్కినా యాప్ తెరుచుకోకపోవచ్చు. నిర్ధారించుకోవడం తేలికే. ఇంట్లో రెండు మూడు రకాల ఆండ్రాయిడ్ ఫోన్లు తీసుకుని, మీ రీల్ నుంచే లింక్ నొక్కి, చివరి వరకు నిజంగా ఒక చీర కొనండి. వైఫై వద్దు, మొబైల్ డేటా మీద చేయండి. ఏ మెట్టు దగ్గర చిరాకు పుడుతుందో మీకే తెలుస్తుంది.

ఇబ్బంది అక్కడే ఉంటే మూడు పనులు చేయొచ్చు. పేమెంట్ పేజీలో యాప్ తెరిచే బటన్‌తో పాటు క్యూఆర్ చూపడం లాంటిది, మీ గేట్‌వే ఏది ఇస్తే అది, ఇంకో దారి ఉంచండి. అకౌంట్ తెరవకుండానే కొనే వీలు ఇవ్వండి. పిన్‌కోడ్ కొట్టగానే ఊరు, రాష్ట్రం వాటంతటవే నిండేలా చేయండి, ఫారంలో సగం శ్రమ పోతుంది.

షిప్పింగ్ విషయంలో మీరు చూసింది కొత్తేం కాదు. ఆన్‌లైన్ షాపుల మీద పరిశోధన చేసే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏళ్ల తరబడి దీని మీదే పనిచేస్తున్నారు. వాళ్ల లెక్కలో కార్ట్‌లో వేసినవాళ్లలో సగటున 70 శాతం దాకా కొనకుండానే పోతారు, ఊరికే చూసేవాళ్లని పక్కనపెడితే కారణాల్లో మొదట నిలిచేది చివర్లో తగిలే అదనపు ఖర్చే. ఛార్జీని ధరలోనే కలిపేయండి, లేదా చీర పేజీలోనే ధర కింద రాయండి.

ఫొటోల సంగతి వచ్చింది కాబట్టి, పేజీ వేగం కొలిచే గూగుల్ టూల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఒక చీర పేజీ అడ్రస్ పెట్టి మొబైల్ స్కోరు చూడండి. ఎల్‌సీపీ అనే అంకె (పేజీలో పెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం) 2.5 సెకన్ల లోపు ఉండాలని గూగుల్ చెబుతుంది. చీరల సైట్లలో ఆ అంకె ఎక్కువైతే సాధారణంగా మొదటి ఫొటోనే కారణం, కెమెరాలోంచి తీసింది తీసినట్టు ఎక్కించేస్తారు. తక్కువ బరువుండే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి మొబైల్‌కి చిన్న సైజు వెళ్లేలా పెట్టండి. జూమ్ నొక్కినప్పుడు మాత్రమే పెద్ద ఫొటో తెరుచుకునేలా చేస్తే అంచు కూడా కనిపిస్తుంది, పేజీ కూడా బరువెక్కదు.

మగ్గం_మంగళగిరి:

చేసి చూశాను. మా చెల్లి ఫోన్‌లో యూపీఐ బటన్ నొక్కితే తెల్ల పేజీ వచ్చి ఆగిపోయింది. మా నాన్న ఫోన్‌లో బాగానే పోయింది. గేట్‌వే వాళ్లకి టికెట్ పెట్టాను, ఈలోపు క్యూఆర్ కూడా కనిపించేలా మార్పించాను. షిప్పింగ్‌ని ధరలో కలిపేశాం, అంచుకి, కొంగుకి విడిగా దగ్గరి ఫొటోలు తీస్తున్నాం.

ఇంకో రెండు ప్రశ్నలు. ఈ మార్పులు పనిచేశాయో లేదో ఎలా తెలుసుకోవాలి? ఏ/బీ టెస్టింగ్, అంటే వచ్చినవాళ్లలో సగానికి పాతది, సగానికి కొత్తది చూపి పోల్చడం, చేయాలని చాలా చోట్ల చదివాను. ఇక సీఓడీ సంగతి. సీఓడీ ఉంటే కన్వర్షన్ (వచ్చినవాళ్లలో కొనేవాళ్ల శాతం) పెరుగుతుంది, కానీ వెనక్కి వచ్చే పార్సెళ్లు కూడా అందులోనే ఎక్కువ. ఆపేయాలా?

హైదరాబాద్_అనలిస్ట్:

మొదటిదానికి నేను చెప్తాను. మీ సైజులో ఏ/బీ టెస్టింగ్ చేయకండి. లెక్క చూడండి: ఇప్పుడు 1 శాతం కొంటున్నారనుకుందాం, మార్పుతో అది 1.2 అయిందని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో వెర్షన్‌కి సుమారు 40 వేల విజిట్లు కావాలి, రెండింటికీ కలిపి 80 వేలు. మీకు ఎనిమిది నెలలు పడుతుంది. 1 నుంచి 1.5కి ఎగబాకిందా అని చూడాలన్నా ఒక్కోదానికి 8 వేల దగ్గర కావాలి. గూగుల్ ఆప్టిమైజ్ అని ఇందుకోసం ఒక ఉచిత టూల్ ఉండేది, దాన్ని కూడా 2023 సెప్టెంబర్‌లో మూసేశారు.

ఇంకో విషయం, నెలకి తొంభై ఆర్డర్లు వచ్చే షాపులో ఏమీ మార్చకపోయినా ఒక నెల డెబ్భై, ఒక నెల నూటపది రావచ్చు, అది మామూలు ఒడిదుడుకే. నూటపది చూసి సంబరపడటం, డెబ్భై చూసి చేసిన మార్పులన్నీ వెనక్కి తీయడం రెండూ నష్టమే. అందుకని ఆర్డర్ల సంఖ్య కంటే మార్పుకి దగ్గరగా ఉన్న మెట్టుని చూడండి. జూమ్ పెట్టారు, అయితే ఫొటోల మీద డెడ్ క్లిక్స్ తగ్గాయా, చీర పేజీ నుంచి కార్ట్‌లో వేసేవాళ్ల శాతం పెరిగిందా? షిప్పింగ్ మార్చారు, అయితే చెకౌట్ మొదలుపెట్టినవాళ్లలో పూర్తి చేసినవాళ్లు పెరిగారా? క్యూఆర్ పెట్టారు, అయితే ఇన్‌స్టా వాళ్ల చివరి మెట్టు కదిలిందా? ఆ సంఖ్యలు పెద్దవి కాబట్టి తేడా త్వరగా తెలుస్తుంది. మార్పు చేసిన తేదీలన్నీ ఒక షీట్‌లో రాసుకోండి, మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఏ నెలని ఏ నెలతో పోలుస్తున్నారన్నది కూడా చాలా ముఖ్యం, ఇక్కడ ఇంగ్లిష్ బ్లాగులు మనకి ఉపయోగపడవు. పోయిన ఏడాది ఆగస్టుతో ఈ ఏడాది ఆగస్టుని పోల్చమంటాయి. మన చీరల వ్యాపారం క్యాలెండర్ మీద కాదు, పంచాంగం మీద నడుస్తుంది. 2023లో అధిక శ్రావణం వచ్చి వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది, 2024లో 16న, 2025లో 8న. 2025 వ్రతానికి కొనేవాళ్లు జులై ఆఖర్లోనే కొనేశారు, అంతకు రెండేళ్ల ముందు అదే కొనుగోలు ఆగస్టు రెండో పక్షంలో జరిగింది. తేదీల లెక్కన పోలిస్తే మీ సైట్ ఒక ఏడు కుప్పకూలినట్టు, ఇంకో ఏడు ఎగిరినట్టు కనిపిస్తుంది. వ్రతానికి ముందు మూడు వారాలని వ్రతానికి ముందు మూడు వారాలతోనే పోల్చండి. జీఏ4లో తేదీలు మనమే ఇచ్చుకోవచ్చు కదా. ఆషాఢం డిస్కౌంట్లకీ, దసరాకీ, సంక్రాంతికీ ఇదే పద్ధతి.

సీఓడీ గురించి పచ్చళ్ల అక్క చెప్తేనే బాగుంటుంది.

గోదారి_పచ్చళ్లు:

సీఓడీ పూర్తిగా ఆపకు తమ్ముడూ. మొదటిసారి కొనేవాళ్లకి, ముఖ్యంగా చిన్న ఊళ్లవాళ్లకి, అదే ధైర్యం. కానీ నువ్వు కన్వర్షన్ అని లెక్కేసేది ఆర్డర్ పడిన రోజుది. అసలు అమ్మకం పార్సెల్ కస్టమర్ చేతికి అంది డబ్బు నీకు వచ్చిన రోజుది. కొరియర్ డ్యాష్‌బోర్డ్ నుంచి డెలివర్ అయినవి, వెనక్కి వచ్చినవి డౌన్‌లోడ్ చేసి, ఆర్డర్ నంబర్ పట్టుకుని నీ ఆర్డర్ల షీట్‌తో కలుపు. దాని పక్కన మూడు నిలువు వరసలు: ఏ సోర్స్ నుంచి వచ్చారు, సీఓడీనా ముందే కట్టారా, పిన్‌కోడ్ ఏది. వెనక్కి వచ్చిన ప్రతి చీరకి పోను రాను ఛార్జీ, ప్యాకింగ్, ఇస్త్రీ ఖర్చు కూడా వెయ్యి. అప్పుడు తెలుస్తుంది, బోలెడు ఆర్డర్లు తెచ్చిందనుకున్న యాడ్ నీకు నిజంగా రూపాయి మిగిల్చిందా లేదా అన్నది.

నా దగ్గర అలా చూస్తే వెనక్కి వచ్చేవి అంతటా సమానంగా లేవు. కొన్ని పిన్‌కోడ్‌లలో, ఒక రకం యాడ్ నుంచి వచ్చిన మొదటిసారి ఆర్డర్లలో పోగుపడి ఉన్నాయి. ఆ పిన్‌కోడ్‌లకి మాత్రం కొంత అడ్వాన్స్ యూపీఐలో కడితేనే సీఓడీ అని పెట్టాను, మిగతావాళ్లకి మామూలుగానే ఉంచాను. ఒకసారి తీసుకున్నవాళ్లకి అడ్వాన్స్ అడగను. ఆర్డర్ పడగానే "అడ్రస్ సరిగ్గా ఉందా, ఈ తేదీకి ఇంట్లో ఉంటారా" అని వాట్సాప్‌లో అడుగుతాం, జవాబు రాకపోతే ఫోన్ చేస్తాం, అప్పటికీ పలకకపోతే పంపం. ఇలా చేశాక డ్యాష్‌బోర్డ్‌లో కన్వర్షన్ శాతం కొంచెం తగ్గింది, చేతికి వచ్చే డబ్బు పెరిగింది.

చెకౌట్ మధ్యలో వదిలేసినవాళ్ల నంబర్లు నీకు కనిపిస్తాయి చూడు, వాటికి ఇష్టమొచ్చినట్టు ఆఫర్లు పంపకు. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టం వచ్చింది, ఏ పనికని చెప్పి నంబర్ తీసుకున్నావో ఆ పనికే వాడాలి. నంబర్ అడిగే చోటే "ఆర్డర్ గురించి, కొత్త చీరల గురించి వాట్సాప్‌లో చెప్పమంటారా" అని ఒక గడి పెట్టు, అది ఖాళీగానే ఉంచు, వాళ్లే టిక్ పెట్టాలి. టిక్ పెట్టినవాళ్లకి మాత్రం వాళ్లు కార్ట్‌లో వదిలేసిన చీర అంచు ఫొటో ఒకటి పంపి, ఏమైనా సందేహం ఉందా అని అడుగు. వాళ్లు ఏం చెప్పి ఆగారో అది కూడా అదే షీట్‌లో ఇంకో వరసలో రాసుకో.